నాలుగో క్లెయిము

2025 ఫిబ్రవరి 11, చిక్కడపల్లి

మా లాయరు సంయుక్తకు కావలసినవి వేరే కాగితాల మీద రాసి ఇస్తాను. ఇది నాకోసం.

నా పేటెంటు తిరస్కరణ మీద అప్పీలు ఏప్రిల్‌లో విచారణకు వస్తుందట. మన దరఖాస్తులు చూసే పేటెంట్ ఆఫీసు చెన్నైలో ఉంది కాబట్టి కోర్టు కూడా అక్కడిదే. అంత దూరం పోనక్కర్లేదు, నారాయణగూడలో తన ఆఫీసులోనే వీడియో తెర ముందు కూర్చోవచ్చు అంది సంయుక్త. ఇంజనీరింగ్ చదివి, ఆపైన లా చదివిన పిల్ల. ముప్పై రెండేళ్లుంటాయేమో. నా దరఖాస్తును నాకంటే ఎక్కువసార్లు చదివింది.

"సార్, ఒక్క మాట. మొదటి మూడు క్లెయిములు పోతయ్. మనసు గట్టి చేసుకోండ్రి," అంది.

క్లెయిము. ఇది నాది అని చెప్పుకునే వాక్యం. నావి నాలుగు ఉన్నాయి.

"ముఖ్యమైన పని కోసమని కంప్యూటర్‌ల కొంత జాగ పక్కకు పెట్టుడు కొత్త సంగతి కాదు సార్. అందరు చేస్తరు. ఆఫీసోళ్లు తిరస్కరించింది గందుకే. మనల్ని నిలబెట్టేది నాలుగోదొక్కటే. గా ఆలోచన మీకు ఎప్పుడొచ్చింది, ఎట్లొచ్చింది, మొత్తం రాసియ్యండ్రి. ప్రమాణపత్రం తయారుచేస్త. అప్పటి రికార్డు ఏదన్న దొరికితే ఇంక మంచిది."

మొదటి మూడింటినీ మూడు నెలల పాటు చెక్కాను. నాలుగోది రెండు పూటల్లో రాశాను. అదే నిలబడుతుందట. విచిత్రం.

ఫిబ్రవరి 12

ఆలోచన ఎట్లా వచ్చిందన్నది కొత్తగా గుర్తు చేసుకోవలసిన పని లేదు. వందసార్లు చెప్పాను. పేపరులో కూడా వచ్చింది. 2017, వినాయక చవితికి ముందు రోజు. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద స్కూటర్ మీద ఇరుక్కుపోయాను. వెనక అంబులెన్సు. బండ్లన్నీ మెల్లమెల్లగా పక్కకు జరిగి దానికి దారి ఇచ్చాయి. అప్పుడు మెరిసింది.

పది పేజీలు రాశాను. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 15

అసలు సంగతి కూడా రాయాలి కదా.

2017 జూన్, మధ్యాహ్నం రెండున్నర. నేను ఇరవై ఆరేళ్లు కంప్యూటర్ల విభాగం చూసిన ఆసుపత్రి. స్కానింగ్ బొమ్మలు తయారు చేయడానికీ, మిగతా సవాలక్ష పనులకీ ఒకటే పెద్ద కంప్యూటరు. ముషీరాబాద్ నుంచి పక్షవాతం వచ్చిన ఒక దర్జీని ఆటోలో వేసుకొచ్చారు. తలకు స్కాన్ తీశారు. బొమ్మలు డాక్టరు ముందుకు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఎందుకంటే కంప్యూటరు ఆ పూట నెలవారీ రిపోర్టులు ముందేసుకుని కూర్చుంది.

మనిషి బతికాడు. కుడి చెయ్యి రాలేదు. దర్జీకి.

నాలుగోవంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచుదామన్నాను. యాజమాన్యం ఒప్పుకోలేదు. యంత్రం ఊరికే ఉంటే వాళ్లకు ఊపిరాడదు. సరే, ఖాళీగా ఉన్నంతసేపు వేరే పనులకు ఇద్దామన్నాను. ఇస్తే అవి అవసరానికి లేవవు. బలవంతంగా లేపితే సగంలో ఆగిన పని పాడవుతుంది. రెండు నెలలు అక్కడక్కడే తిరిగాను.

నాలుగో క్లెయిము దానికి జవాబు. ఖాళీగా ఉంచిన భాగాన్ని వేరే పనులకు ఇవ్వవచ్చు. అయితే తాను ఎక్కడెక్కడ ఆగగలదో, ఆగడానికి ఎన్ని సెకన్లు కావాలో ముందే చెప్పిన పనికే ఇవ్వాలి. చెప్పనిదానికి ఇవ్వకూడదు. అది పెట్టిన తర్వాత స్కాన్ బొమ్మలు నలభై సెకన్లు దాటి ఏనాడూ ఆలస్యం కాలేదు.

ఇవాళ ఫ్లైఓవర్ నుంచి ఈ వాక్యం దాకా రాయబోతే కలం ఆగింది. అంబులెన్సుకు బండ్లు దారి ఇచ్చాయి, నిజమే. కానీ ఏ బండీ ముందుగా ఏమీ చెప్పలేదే. మధ్యలో ఒక మెట్టు తక్కువైంది. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 19

ఆ మెట్టు రాలేదు.

విద్యావతికి చదివి వినిపించాను. మా ఆవిడ ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసిన మనిషి, వాక్యంలో తప్పు చెవితో పట్టుకుంటుంది. అంతా విని, "స్వరూప పేరు రాలేదేంది?" అంది.

"ఏ స్వరూప?"

"మీ కింద ఆపరేటర్‌గ చేసిన పిల్ల. సిద్దిపేట దిక్కు. అప్పట్ల రోజు ఇంటికొచ్చి ఆమె ముచ్చటే చెప్తుంటిరి. ఆ పిల్ల ఇయ్యాల గిట్ల అడిగింది, గట్ల అడిగింది అని."

"అడగడం వేరు విద్యా, కనుక్కోవడం వేరు."

"నాకేం తెలుసు. పేరు రాలేదే అని అడిగిన, అంతే."

స్వరూప బాగా ప్రశ్నలడిగేది. ఆ మాట నిజం. అందరూ అడిగేవాళ్లు.

ఫిబ్రవరి 24

అటక మీది పెట్టె దింపాను. 2017 షిఫ్టు రిజిస్టర్లు రెండు దొరికాయి. ఆసుపత్రి వాళ్లు పారేస్తుంటే నేనే తెచ్చుకున్నాను. పెద్దగా ఏమీ లేదు.

ఫిబ్రవరి 25

మోకాళ్ల నొప్పి. వాకింగ్‌కు పోలేదు.

ఫిబ్రవరి 27

రిజిస్టర్లు సంయుక్తకు ఇవ్వనక్కర్లేదనుకుంటున్నాను. అట్టలు ఊడిపోయాయి. చాలా పేజీల్లో సిరా వెలిసింది. కోర్టులో ఇలాంటివి నిలవవు.

మార్చి 3

సిరా వెలవలేదు. ఆ పేజీ శుభ్రంగా ఉంది.

ఆగస్టు 3, 2017. ఫ్లైఓవర్‌కు మూడు వారాల ముందు. గుండ్రటి అక్షరాలు, నీలి సిరా. "సార్, ఖాళీ జాగ వేరే పనులకు ఇయ్యొచ్చు. కాని ఎక్కడ లేవగలదో ముందుగాల చెప్పిన పనికే ఇయ్యాలె. చెప్పనిదానికి ఇయ్యొద్దు. స్వరూప."

దాని కింద ఎర్ర సిరా. "సాధ్యం కాదు. ఇలాంటివి రిజిస్టరులో రాయవద్దు."

కింద నా పొడి సంతకం.

వారం రోజులుగా ఈ పేజీ గురించి ఇక్కడ రాయకుండా, నాకోసమని రాసుకునే పుస్తకంలో కూడా రాయకుండా, మోకాళ్ల నొప్పి అని రాశాను. మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

మార్చి 5

నా వైపు కూడా ఉంది. రాసుకోవాలి.

ఆమె రాసింది మూడు వాక్యాలు. దాన్ని నడిచే ప్రోగ్రాంగా చేసింది నేను. ఏ పని ఎంతసేపట్లో ఆగుతుందో కంప్యూటరే కొలిచి, మాట తప్పిన పనిని పక్కన పెట్టే ఏర్పాటు పూర్తిగా నాది. దరఖాస్తు రాసింది నేను. ఆఫీసు ప్రశ్నలకు జవాబులిచ్చింది నేను. ఆమె 2018లో ఉద్యోగం మానేసి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటానని వెళ్లిపోయింది. ఎక్కడుందో కూడా తెలియదు.

ఇదంతా నిజమే. చదువుతుంటే మాత్రం ఎవరో లాయరు నా తరఫున మాట్లాడుతున్నట్టుంది.

నేను అబద్ధం ఆడానా? ఆడాలని కూర్చుని ఆడలేదు. ఎర్ర సిరాతో కొట్టేసిన మాట లోపల ఎక్కడో పడి ఉంది. మూడు వారాల తర్వాత ఫ్లైఓవర్ కింద పైకి తేలింది. తేలినప్పుడు అది నా మొహంతో వచ్చింది. నేను దాన్ని ఎక్కడ చూశానని అడగలేదు. అడగకపోవడం నాకు బాగుంది.

మార్చి 8

సంయుక్త ఆఫీసుకు వెళ్లాను. ఒక మిత్రుడి కేసు ఉంది, సలహా కావాలన్నాను.

"ఆ మిత్రుడు పేటెంటుకు పెట్టుకున్నాడు. అందులో ఒక ముక్క మొదట వేరేవాళ్లకు తట్టిందని ఇప్పుడు తెలిసింది. ఏం చేయాలి?"

ఆమె పెన్ను మూత పెట్టింది. "ఏ ముక్క సార్? నాలుగోదా?"

రిజిస్టరు సంచిలోనే ఉంది. మిత్రుడికి సలహా కోసం ఎవరైనా రిజిస్టరు మోసుకుపోతారా? తీసి ఇచ్చాను. ఆ పేజీ ఆమె చాలాసేపు చూసింది. నీలి సిరా చదివి, ఎర్ర సిరా చదివి, నా మొహం చూడకుండా కిటికీ వైపు తిరిగింది.

"చెబితే ఓడిపోతామా?" అన్నాను.

"ఓడిపోవచ్చు. ఆవిష్కర్తను నేనొక్కన్నే అని 2019ల మీరు సంతకం పెట్టిండ్రు. అవతలి లాయరు ముందుగాల పట్టుకునేది దాన్నే. ఆమె పేరు చేర్చుమని పిటిషన్ వేయొచ్చు. ఒప్పుకుంటరో లేదో చెప్పలేను."

"చెప్పకపోతే?"

"మీరు గిది నాకు చూపించకపోతే నాకు తెలిసేది కాదు సార్. చూపించిండ్రు. ఇగ పాత ప్రమాణపత్రం మీద నేను మీతోని సంతకం పెట్టియ్యలేను. చెప్పొద్దనుకుంటే వేరే లాయర్‌ను చూసుకోవాలె మీరు." తర్వాత గొంతు తగ్గించి, "చూపించనీకెనే తెచ్చిండ్రు గద సార్," అంది.

నాకు తెలియదు. ఫ్లైఓవర్ కిందినుంచే నడిచి ఇంటికి వచ్చాను. పైకి చూడలేదు.

మార్చి 9

విద్యావతికి చెప్పాను. కందిపప్పు ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"ఎనిమిదేండ్ల సంది ఆ ఫ్లైఓవర్ కథ వింటున్న," అంది. "చెప్పినప్పుడల్ల అంబులెన్సు ఇంకింత దగ్గరికొచ్చేది."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసని కాదు. అనుమానం. మీరు అంత సంబురంగ చెప్తుంటే నేనెట్ల అడుగుదు?" చేటలో రాయి ఒకటి తీసి పక్కన పడేసి, "స్వరూప అశోక్‌నగర్‌లనే ఉంటది. ఆడపిల్లల స్టడీ హాలు నడుపుతది. నిరుడు కూరగాయల కాడ కలిసింది, మిమ్ముల అడిగింది అని చెప్పిన. ఊఁ అన్నరు."

అశోక్‌నగర్. మా ఇంటి నుంచి పావుగంట నడక.

మార్చి 12

అశోక్‌నగర్ వైపు వాకింగ్‌కు వెళ్లాను. ఊరికే. ఆ సందులో మిర్చీలు బాగా వేస్తారు.

మార్చి 13

మిర్చీలు పడలేదు. కడుపులో మంట. రేపు వేరే దారిలో వెళ్తాను.

మార్చి 14

అదే దారిలో వెళ్లాను. బోర్డు చూశాను. జిరాక్స్ దుకాణం పైన, రెండో అంతస్తు. మెట్ల దగ్గర ఆడపిల్లల చెప్పులు ముప్పై జతలు ఉంటాయి. వెనక్కి వచ్చేశాను.

మార్చి 16

ఎక్కాను.

హాల్లో చెక్క అడ్డుగోడల మధ్య వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీలో ఒక్కో పిల్ల, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు దగ్గర చిన్న బల్ల వెనక స్వరూప కూర్చుని ఉంది. జుట్టులో అక్కడక్కడా తెలుపు. నన్ను చూసి లేచింది. నోటి మీద వేలు పెట్టి, బయటికి మెట్ల మీదికి తీసుకెళ్లింది.

"సార్, మెట్లెక్కి వచ్చిండ్రా? కింద నుంచి ఫోన్ చేస్తే నేనే దిగుతుంటి. మంచిగున్నరా? మేడమ్ మంచిగున్నదా?"

నీళ్లు తెచ్చింది. తాగాను. ఇంటి నుంచి తయారు చేసుకొచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు.

"స్వరూపా, నాలుగో క్లెయిము నీది."

"ఏ క్లెయిము సార్?"

దరఖాస్తు కాపీ ఇచ్చాను. మెట్టు మీద కూర్చుని చదివింది. అరపేజీ ఇంగ్లీషు వాక్యం. వేలు పెట్టుకుంటూ, మళ్లీ వెనక్కి వస్తూ చదివింది.

"నేను రాసిన మాటనే," అంది. "ఇంగ్లిష్‌ల జర పెద్దగైంది."

"నాకు ఈ నెలలో తెలిసింది. రిజిస్టరు దొరికింది." అంటూనే అది సగం నిజమేనని తోచింది. "తెలిసింది అనడం కూడా సరికాదు. ఒప్పుకోవలసి వచ్చింది."

"నాకు 2019లనే తెలుసు సార్. పేపర్ల మీ ఫోటో వచ్చింది. కట్ చేసి పెట్టుకున్న."

"కోపంతోనా?"

"కోపం తర్వాతొచ్చింది. ముందుగాల సంతోషమే అయింది. నేను చెప్పింది పనిజేసిందని. తర్వాత కింద చదివిన. ఫ్లైఓవర్ కింద మెరిసిందని ఉన్నది. గప్పుడొచ్చింది కోపం."

"మరి వచ్చి అడగలేదేం?"

ఆమె నా వైపు చూసిన చూపులో కఠినం లేదు. అదే కష్టమైంది. "ఏమని అడగాలె సార్? సాధ్యం కాదని ఎర్ర పెన్నుతోని రాసిండ్రు. రిజిస్టర్‌ల రాయొద్దన్నరు. ఆ దినం సంది నేను మళ్ల ఏది రాయలే. మీరు చూడలేదా?"

చూడలేదు. ఇంటికొచ్చి ఇప్పుడు చూశాను. ఆగస్టు 3 తర్వాత ఆమె షిఫ్టుల్లో టైము, సంతకం. ఇంకేమీ లేదు. అంతకు ముందు పేజీ పేజీకీ ఏదో ఒక ప్రశ్న ఉంది.

ఆ మాట ఆమెకు ఎట్లా తట్టిందని అడిగాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి అడిగాను.

"మా హాస్టల్ నడిపే కిష్టమ్మక్క ఉంటుండె సార్. ఊర్లకెల్లి అచానక్‌గ, చెప్పకుంట పరీక్షకొచ్చే పిల్లల కోసమని ఒక మంచం పెట్టేది. ఖాళీగుంటే ఎవరన్న పండుతమంటరు గద? ఇచ్చేది. కాని 'ఎప్పుడు లేస్తవో చెప్పి పండు' అనేది. చెప్పనోళ్లకు ఇయ్యకపోయేది. నేను అసొంటి మంచం మీదనే నాలుగు నెలలున్న."

కోర్టు సంగతి చెప్పాను. చెబితే ఓడిపోవచ్చన్నది కూడా చెప్పాను.

"నా పేరు పెట్టుమని నేను అడగ సార్. కాని పెడితే, సహకరించినందుకు ధన్యవాదాలు అని కింద చిన్న అక్షరాల్ల వద్దు. ఆలోచన చేసినామె అని పెట్టుండ్రి. లేకుంటే ఊకోండ్రి. మూడుసార్లు గ్రూప్స్ పోయిన దాన్ని, ఇదొకటి పోతే ఏంగాదు."

లేవబోతుంటే ఆపింది. "ఇందుల నాకొక డౌటున్నది. ఆ పని అబద్ధం చెప్తే? పది సెకన్లల్ల లేస్తనని చెప్పి లేవకపోతే?"

దానికి నేను చేసిన ఏర్పాటు చెప్పాను. కంప్యూటరు నోటి మాట నమ్మదు, కిందటిసార్లు ఎంతసేపట్లో లేచిందో కొలిచి చూస్తుంది. ఆమె మొహం వెలిగింది. "కిష్టమ్మక్క గూడ గంతే సార్! ఒకసారి మాట తప్పితే మంచం బంద్." నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆ కాపీ వెనకవైపు గీతలు గీస్తూ గంటసేపు మాట్లాడుకున్నాం. కొత్త పనికి కిందటిసార్లంటూ ఉండవు కదా, దానికేం చేయాలి అంది. ఆ ప్రశ్నను కాపీ అంచున రాసుకున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ పిల్లతో ఇలా ఒక్క గంట కూర్చోలేదు.

మార్చి 20

కొత్త ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాను. రెండు పేజీలు. ఫ్లైఓవర్ లేదు.

మార్చి 21

ఆమె పేరు చేర్చమని పిటిషను. పేర్ల వరస ఎట్లా పెట్టాలని సంయుక్త అడిగింది. రేపు చెప్తానన్నాను.

మార్చి 22

ఆమెది ముందు.

ఒక్క మాట చెప్పడానికి రోజంతా ఎందుకు పట్టిందో రాయను.

ఏప్రిల్ 23

ఇవాళ విచారణ.

స్వరూప హాలు ఒక పూట మూసి వచ్చింది. మూయడం ఇదే మొదటిసారట. సంయుక్త ఆఫీసులో ముగ్గురం ఒకే తెర ముందు ఇరుక్కుని కూర్చున్నాం. న్యాయమూర్తి ఒక మహిళ. పేటెంట్ ఆఫీసు తరఫు లాయరు మృదువుగా మాట్లాడే మనిషి. అరవలేదు. ఆరేళ్ల కిందట తప్పు డిక్లరేషన్ ఇచ్చిన వ్యక్తి ఇప్పుడు ఓడిపోయేట్టుందని కొత్త పేరు తెచ్చాడు, ఇతని ఏ మాట నమ్మాలి అన్నాడు. నేను అతని కుర్చీలో ఉంటే అదే అనేవాణ్ణి.

న్యాయమూర్తి నన్నే అడిగారు. 2019లో ఎందుకు చెప్పలేదు?

సంయుక్త నేర్పిన జవాబు ఒకటి ఉంది. జ్ఞాపకం లేదు, రికార్డు దొరికాక తెలిసింది అని. అదే మొదలుపెట్టాను. పక్కన స్వరూప ఒళ్లో చేతులు పెట్టుకుని వింటోంది. వాక్యం మధ్యలో ఆగాను.

"మరిచిపోయాను అనవచ్చు," అన్నాను. "కానీ ఆ మరుపు నాకు పనికొచ్చింది. గుర్తు చేసుకోవడానికి నేను ప్రయత్నించలేదు. ఆమె నా కింద పనిచేసేది. ఆమె రాసింది నేను కొట్టేశాను. తర్వాత అదే మాట నాకు తోచినప్పుడు నాదే అనుకున్నాను."

సంయుక్త కళ్లు మూసుకుంది. తెర మీద అవతలి లాయరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

న్యాయమూర్తి స్వరూపను అడిగారు. అర్జెంటు పనికి జాగా విడిగా ఉంచడం అందరికీ తెలిసిందే కదా, ఇందులో మీరు కొత్తగా చేసిందేమిటి? తెలుగులో చెప్పవచ్చా అని అడిగింది స్వరూప. సంయుక్త ఇంగ్లీషులోకి మార్చి చెప్తానంది. న్యాయమూర్తి తల ఊపారు.

"ఖాళీగ పెట్టుడు అందరికి తెలుసు మేడమ్," అంది స్వరూప. "నేను చెప్పింది గది కాదు. ఖాళీగ పెట్టినదాన్ని వాడుకుంట గూడ, అది ఖాళీగున్నట్టే ఎట్ల ఉంచాలె అని చెప్పిన."

సంయుక్త మార్చి చెప్పింది. న్యాయమూర్తి మరొకసారి చెప్పమని రాసుకున్నారు. ఆరేళ్లుగా నేను నలభై పేజీల్లో చెప్పలేకపోయింది ఆ ఒక్క వాక్యమే.

తీర్పు తర్వాత ఇస్తారట. బయటికొచ్చాక సంయుక్త, "మీరు జర ఎక్కువ చెప్పిండ్రు సార్," అంది. కోపంగా అనలేదు.

మే 30

ఏమీ లేదు. ఎండలు.

జూన్ 18

తీర్పు వచ్చింది. నాలుగో క్లెయిమును విడిగా పరిశీలించకుండా మొత్తం దరఖాస్తును తిరస్కరించడం సరికాదని పాత ఉత్తర్వు కొట్టేశారు. వేరే అధికారి మళ్లీ మొదటి నుంచి చూడాలి. స్వరూప పేరు చేర్చడానికి అనుమతి.

పదిహేడో పేరాలో నా గురించి ఒక వాక్యం ఉంది. "ఈ నిజాయితీ ఆలస్యంగా వచ్చింది. వచ్చినందుకు పరిగణించాం. ఆలస్యాన్ని కూడా పరిగణించాం."

ఆ పేరా విద్యావతికి చదివి వినిపించాను. "బాగ రాసింది," అంది.

సెప్టెంబర్ 4

కొత్త అధికారి ముందు విచారణ. మళ్లీ తెర. ప్రశ్నలన్నీ నాలుగో క్లెయిము మీదే. స్వరూప చెప్పింది, ఈసారి ఇంగ్లీషులోనే, ఆగి ఆగి. ఒకచోట పదం దొరక్క నా వైపు చూసింది. అందించాను. కొలిచే ఏర్పాటు గురించి అడిగితే నేను చెప్పాను. చివర్లో అధికారి, ఇంకేమైనా చేర్చాలా అని నన్ను అడిగారు.

లేదన్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి చేర్చే మనిషిని.

అక్టోబర్ 11

స్వరూప ఫోన్. కొత్త పనికి కిందటిసార్లు ఉండవన్న చిక్కుకు దారి దొరికిందట. మొదట అతి చిన్న ముక్క ఇచ్చి చూడాలి. "సాధ్యమేనా సార్?" అని అడిగింది.

సాధ్యమే అన్నాను.

డిసెంబర్ 9

పొద్దున పదింటికి సంయుక్త ఉత్తర్వు పంపింది. మొదటి మూడు క్లెయిములు చెల్లవు. నాలుగోది, దానికి అనుబంధంగా నా కొలిచే ఏర్పాటు, చెల్లుతాయి. పేటెంటు ఇచ్చారు.

నా మూడూ పోయాయి. అనుకున్నంత బాధ లేదు. అనుకున్నంత సంతోషం కూడా లేదు. ఏదో పెద్ద బరువు దించి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా కాసేపు వసారాలో నిలబడ్డాను. విద్యావతి వచ్చి, "ఫోన్‌ల చెప్పకండ్రి. పోయి చెప్పుండ్రి," అంది.

ప్రింటు తీయించి పట్టుకెళ్లాను. హాలు నిండా పిల్లలే. వారంలో ఏదో పరీక్ష ఉన్నట్టుంది, ఎవరూ తల ఎత్తడం లేదు. తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. స్వరూప వచ్చింది. కాగితాలు ఇచ్చాను. నిలబడే మొత్తం చదివింది. మొదటి పేజీకి వచ్చి మళ్లీ చదివింది. పేర్లున్న చోట వేలు పెట్టి, ఆ వేలు అట్లాగే ఉంచింది.

నేను ఏదో అనబోయాను. క్షమాపణ కావచ్చు, అభినందన కావచ్చు. ఆమె లోపలి పిల్లల వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపి, గుసగుసగా, "సార్, జర ఆగుండ్రి. అమ్మకు ఫోన్ చేసి వస్త," అంది.

కింది అంతస్తు మలుపు దాకా దిగింది. నేను పైన కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. ఆమె గొంతు పైకి వినిపిస్తోంది. అవతల ముసలామెకు చెవులు సరిగ్గా వినబడవనుకుంటాను, గట్టిగా చెప్తోంది.

"అమ్మా, నేనే. ఆఁ, తిన్న. అది కాదే, విను. దవాఖాన్ల చేసినప్పుడు ఒక ఆలోచన చేసిన్నని చెప్పలేదా, కంప్యూటర్ది? గవర్నమెంటు కాగితమిచ్చింది. ఆఁ, నేను చేసినట్టే. పరీక్ష కాదే, పరీక్ష కాదు. నా పేరున్నది. అచ్చుల ఉన్నది. ముందుగాల నాదే."

అవతల ఏదో అడుగుతున్నట్టుంది.

"లే, నేనొక్కదాన్నే కాదు," అంది స్వరూప. "సార్ గూడ ఉన్నడు."